పాత చీటీ మీద డిప్రెషన్ మాత్రలు

సంపాదకులకు,

డాక్టరు ఎప్పుడో రాసిన ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలను మా ఎంవీపీ కాలనీ వైపు కొన్ని మందుల షాపుల్లో పాత చీటీ మీదే ఇచ్చేస్తున్నారు. ఖాళీ స్ట్రిప్ చూపించినా సరే. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు.

జనం కూడా దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. ఈ మాత్రలు పనిచేసేది మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచి. సెరటోనిన్ అంటే ‘హ్యాపీ హార్మోన్’, అది పెరిగితే మంచిదే కదా అని (బీచ్ రోడ్డు వాకింగ్ కబుర్లలో ఇప్పుడు ఈ మాట లేని రోజు లేదు). నిజానికి ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. మెదడులో ఉండే కొంచెమూ ఒక్క సంతోషానికే పరిమితం కాదు. దాన్ని అందుకునే రిసెప్టర్లు దాదాపు 14 రకాలు. మెదడులోని హైపోథలమస్ అనే భాగంలో ఉన్నవాటి ద్వారా అది ఆకలినీ, కార్టిసాల్, ప్రొలాక్టిన్, వాసోప్రెసిన్ హార్మోన్ల విడుదలనూ ప్రభావితం చేస్తుంది.

వయసు మళ్లినవాళ్లున్న ఇళ్లలో తెలియాల్సింది ఈ వాసోప్రెసిన్ సంగతి. నీటిని బయటికి పోనివ్వకుండా కిడ్నీల చేత పట్టి ఉంచే హార్మోన్ ఇది. ఈ మాత్రలు వాడే కొందరిలో ఇది అవసరానికి మించి పనిచేస్తుంది. నీరు నిలిచిపోయి రక్తంలో సోడియం పలచబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే దిగితే తక్కువ కిందే లెక్క. 65 దాటినవారికి, అందులోనూ బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి వాడేవారికి ముప్పు ఎక్కువ. తలనొప్పి, మగత, నడకలో తడబాటు, పొంతన లేని మాటలు మొదలైతే ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. ఉక్కపోతకు నీళ్లు బాగా తాగమని కూడా చెబుతాం. సోడియం తగ్గినవారికి ఉత్త నీళ్లు ఎక్కువైతే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

మాత్ర మొదలుపెట్టిన తొలి వారాల్లోనే ఈ సమస్య ఎక్కువ. మధ్యలో మానేసి పాత చీటీతో మళ్లీ మొదలుపెట్టినా, వేరే డాక్టరు బీపీకి కొత్త మాత్ర కలిపినా కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి ఎలా తెలుస్తుంది? అలాగని ఇది చదివి ఎవరూ మాత్రలు ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, చిరాకు, కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం జరగొచ్చు.

షాపుల మీద దాడులు చేసి ఊరుకుంటే ఇది ఆగదు. గాజువాక నుంచి చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వచ్చి ఓపీ చూపించుకునేసరికి కూలి పోతుంది, అందుకే జనం షాపును నమ్ముకుంటున్నారు. అర్బన్ హెల్త్ సెంటర్లలో ఈ చీటీలను డాక్టరు చూసి పొడిగించే ఏర్పాటు, పెద్దవాళ్లకు అక్కడే సోడియం పరీక్ష ఉండాలి. తర్వాత ఎప్పుడు రావాలో చీటీ మీద తేదీ వేయాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ తేదీ దాటిన చీటీలపై మందు ఇవ్వనివ్వకూడదు. మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి మందుల షాపు కౌంటర్ దగ్గరా తెలుగులో అంటించాలి.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం