మా బడికొచ్చి బురద ఎత్తిపోసిన వాళ్ళందరికీ

అందరికీ నమస్తే. ఈ థాంక్స్ పోస్టు 2024 సెప్టెంబరులోనే పెట్టాల్సింది, ఇప్పుడు 2025 జనవరి నెలాఖరు. హెచ్ఎం మేడం రెండుసార్లు గుర్తు చేశారు, మూడోసారి అడిగేలోపు రాసేద్దామని కూర్చున్నా. నేను ఖమ్మం దగ్గర, మున్నేటి ఒడ్డున ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. విజిల్ ఊదడమే తప్ప రాయడం నాకు అలవాటు లేదు, తప్పులుంటే తెలుగు సార్లు సర్దుకుపోవాలి.

2024 సెప్టెంబరు 1 ఆదివారం మున్నేటికి వరదొచ్చి ఖమ్మంలో ఏం జరిగిందో కొత్తగా చెప్పక్కర్లేదు, ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్నవాళ్ళను జేసీబీలో వెళ్ళి తీసుకొచ్చిన వీడియో మీరంతా చూసే ఉంటారు. బడిలో పిల్లలు లేరు, అదొక్కటే అదృష్టం. నీళ్ళు తీశాక నేను వెళ్ళి స్పోర్ట్స్ రూము తాళం తీస్తే తలుపు కదల్లేదు, అవతల మోకాలి లోతు బురద. కిటికీలోంచి చూస్తే గోడ మీద నీటి గీత నా భుజం ఎత్తున ఉంది. ఖోఖో స్తంభాలు రెండూ కొట్టుకుపోయాయి. హార్మోనియం బోర్లా పడి ఉంది.

ఇక అసలు సంగతి, నా తప్పు. ఆగస్టులో ఆఫీసు గదికి సున్నాలు వేస్తున్నారని పాత అడ్మిషన్ రిజిస్టర్లన్నీ నా రూములో పెట్టించారు. పై అరలో బంతులు, డిస్కస్‌లు ఉన్నాయి, వాటిని ఎవరు కదుపుతారులే అని రిజిస్టర్లను కింది అరలోకి నేనే కాలితో తోశాను. ఎవరికో పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ కావాలన్నా, స్టడీ సర్టిఫికెట్ కావాలన్నా, టీసీ పోయిందన్నా ఆ రిజిస్టర్లే ఆధారం. ఎత్తితే ఒక్కోటి తడిసిన దిండులా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే తీసుకెళ్ళి ఎండలో పరవబోయాను. అప్పుడే మా పాత విద్యార్థి ఒకరు, రికార్డుల పని తెలిసిన వాళ్ళ మామయ్యతో ఫోన్లో మాట్లాడించారు. ఆయన నన్ను దాదాపు తిట్టినంత పని చేశారు. "ఎండలో పెట్టారంటే కాగితం వంకర్లు పోయి అట్ట కట్టేస్తుంది సార్, నీడలో ఫ్యాను కింద పెట్టండి, ప్రతి రెండు మూడు పేజీలకూ మధ్య అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ పెట్టి, తడవగానే మారుస్తూ ఉండండి" అన్నారు. ఆ కాగితం రీములు సాయంత్రానికల్లా తెచ్చి, డబ్బులు తీసుకోకుండా వెళ్ళిన ప్రెస్ అన్నకు మొదటి దండం. పదో తరగతి ఆడపిల్లలు ఎనిమిది మంది పదకొండు రోజులు ఆ పని చేశారు, వెదురు పుల్ల సన్నగా చెక్కుకుని, దాంతో పేజీ విడదీసి, ఊపిరి బిగబట్టి తిప్పేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే బాగా పాతవాటిలో నల్ల సిరా చెక్కుచెదరలేదు, ఆ తర్వాత రాసిన నీలం ఇంకే చాలాచోట్ల కరిగి మబ్బులా పాకింది.

అన్నిటికంటే పాత రిజిస్టరు కుడి వైపు నుంచి తెరుచుకుంది. అంతా ఉర్దూ. మా స్టాఫులో ఎవరికీ చదవడం రాదు. బజార్లో కుట్టుమిషన్ల షాపాయన వాళ్ళ నాన్నను, ఎనభై దాటిన పెద్దాయనను, ఆటోలో తీసుకొచ్చి మా వరండాలో కూర్చోబెట్టారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొదట చదివింది "తహతానియా". అంటే ప్రైమరీ అట, మిడిల్ స్కూలు వస్తానియా, హైస్కూలు ఫౌఖానియా. తర్వాత 1352 అని చదివేసరికి పిల్లలు నోరెళ్ళబెట్టారు. "కంగారు పడకండి బేటా, ఇది ఫసలీ, నిజాం కాలపు సంవత్సరాల లెక్క, 590 కలుపుకోండి" అన్నారు. అంటే 1942-43. నిజాం కాలం నెలలు ఆజర్, దై, బహమన్ అంటూ ఎక్కాల్లా అప్పజెప్పారు కూడా. జిల్లా అన్నచోట వరంగల్ అని ఉంది, ఖమ్మం జిల్లా అయింది 1953లో కదా మరి. ఖమ్మం హైస్కూల్లో మెట్రిక్ చదివిన కవి దాశరథి గారు కూడా ఇలాంటి ఉర్దూ రిజిస్టర్లోనే ఎక్కి ఉంటారని మా తెలుగు మేడం అన్నారు.

దీంతో ఇంకో గొడవ మొదలైంది. మా గేటు మీద ఇన్నేళ్ళుగా "స్థాపితం 1959" అని ఉండేది. అది జిల్లా పరిషత్తులు ఏర్పడిన ఏడు, బడి అప్పుడు వాటి కిందికి వచ్చిందంతే, పుట్టింది అంతకు ముందే. మొదటి పేజీలు చిరిగిపోయాయి కాబట్టి ఏ ఏడని రాయాలో తేలక పెయింటర్ రెండుసార్లు వచ్చి టీ తాగి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆ చోటు ఖాళీయే.

హార్మోనియం సంగతి. భజన మందిరం దగ్గరుండే బాబాయ్ ఒకాయన దాన్ని విప్పి, రీడ్లన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, వరుస తప్పకుండా పళ్ళెంలో పేర్చుకున్నారు. తిత్తి అతుకులు ఊడిపోతే కొత్త తోలు వేశారు, ఉబ్బిన మెట్లను గరుకు కాగితంతో రుద్దారు. మజూరీ వద్దన్నారు, తోలు ఖర్చు మాత్రం తీసుకున్నారు. మంద్రంలో నిషాదం ఇంకా గుర్రుమంటోంది, ప్రార్థనలో ఆ మెట్టు రాగానే ఆరో తరగతి వాళ్ళు నవ్వుతారు.

గ్రౌండు మీద జానెడు ఒండ్రు పేరుకుంది, ఆరితే పెంకుల్లా పగులుతుంది, దాని మీద పరిగెత్తితే మడమ మెలిక పడటం ఖాయం. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్లు దగ్గర పడుతుంటే నాకొకటే టెన్షన్. మూడు ఊళ్ళ రైతులు సొంత డీజిల్‌తో ట్రాక్టర్లు తెచ్చి, బ్లేడు కట్టి రెండు రోజుల్లో చదును చేశారు, వాళ్ళ సొంత చేలల్లో ఇసుక మేట వేసి ఉండగా. వడ్రంగి అన్న వేప మొద్దుతో కొత్త ఖోఖో స్తంభాలు చెక్కాడు. నేల పైన 120 నుంచి 125 సెంటీమీటర్లు ఉండాలి, ఎక్కడా అంచు తగలకూడదు అని చెబితే, చెక్కాక తన చెంప ఆనించి చూసుకున్నాడు. మా అమ్మాయిలు ఇద్దరు జిల్లా టీముకు ఎంపికయ్యారు. మొన్న జనవరి 19న ఢిల్లీలో మన ఆడవాళ్ళు నేపాల్‌ను 78-40తో ఓడించి ఖోఖో ప్రపంచ కప్ గెలిచినప్పుడు పిల్లలంతా మా ఇంట్లోనే ఉన్నారు. ఆ కప్పులో టీముకు ఏడుగురే, మేం ఆడేది తొమ్మిది మందితో, "మరి మిగతా ఇద్దరూ ఏం పాపం చేశారు సార్" అని ఒకటే గోల.

ఇంకా తరగతి గదులు కడిగిన పారిశుధ్య కార్మికులకు, తెల్లారేసరికి ఉప్మా గిన్నెలు మోసుకొచ్చిన మహిళా సంఘం అక్కలకు, బెంచీలు పంపిన 1998 బ్యాచ్ వాళ్ళకు పేరుపేరునా చెప్పాలని ఉంది, పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి ఆగుతున్నా. ఉర్దూ చదివిపెట్టిన పెద్దాయన ఇప్పటికీ శుక్రవారం నమాజు తర్వాత వస్తున్నారు, ఇంకా నలభై పేజీలున్నాయి.

చివరగా రెండు మాటలు. కోలాటం కర్రలు ఆరబెట్టి తెస్తామని ఎవరో పట్టుకెళ్ళారు, ఇరవై నాలుగింటిలో పద్దెనిమిదే తిరిగొచ్చాయి, మిగతా ఆరూ ఎవరింట్లో ఉన్నాయో ఒకసారి చూడండి. అలాగే నీలం పిడి ఉన్న పార ఒకటి మా వరండాలోనే ఉండిపోయింది, ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.