గాలి మీదికి తొయ్యకు బిడ్డా

హనుమకొండ,
ఆదివారం

బిడ్డా,

రాత్రి ఫోన్ల నువ్వు ఏడుస్తుంటే నాకు మాటలు రాలే. అందుకే రాస్తున్న. నీ నుదుటికి 3 కుట్లు వడ్డయని విన్నకాడి నుంచి అమ్మ దేవుని అర్రల్నే ఉన్నది. కొమురెల్లి మల్లన్నకు ఏందో మొక్కింది, నాకు చెప్తలేదు. ఖర్సు పెద్దదే అయి ఉంటది.

నువ్వు ముందుగాల "గాలి కొట్టింది బాపూ" అన్నవ్. అర్ధగంటకు మళ్ల నువ్వే చేసి, "విమానం ముక్కు నేనే కిందికి వొత్తిన" అన్నవ్. ఆ రెండో ఫోన్ గురించే ఈ ఉత్తరం.

నాకు సమజైన కాడికి చెప్త, తప్పైతే దిద్దు. నువ్వు నేర్చుకునే చిన్న విమానం సెస్నా 172ల దిగేటప్పటి దెబ్బ ఓర్చుకునేటియి రెక్కల కిందున్న రెండు చక్రాలు. ముందటి చక్రానికి అంత బలం లేదు. 65 నాట్ల స్పీడు మీద రావాల్సింది, నువ్వు 75 మీద వచ్చినవ్. రన్‌వేకు తాకి బంతి లెక్క లేసింది. ఆడిదాక ఏం కాలే, నేర్చుకునేటోల్లందరికీ అయ్యేదే. లేసినంక బుగులుతోటి కంట్రోల్ ముందుకు వొత్తినవ్. ముందటి చక్రం మొదలు తాకి ఇంకింత పైకి లేసింది. మూడోసారికి ఆ చక్రం విరిగి, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకున్నది. ఆ దెబ్బ ఇంజన్ లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాక పోతది కాబట్టి ఇంజన్ మొత్తం విప్పి చూడాలని నువ్వంటే నాకు మా గ్యారేజీ కండ్ల ముందట తిరిగింది.

మొదటిసారి లేసినప్పుడే ఫుల్ థ్రాటిల్ ఇచ్చి గో అరౌండ్, అంటే దిగకుండ మళ్ల పైకి, పోతే అయిపోవు అని పదిసార్లు అన్నవ్. నిజమే. తెల్వక కాదు, చెయ్యి ఇనలే. స్టీరింగ్ పట్టినోనికి అది కొత్త గాదు.

నీకు చెప్పని ముచ్చట ఒకటున్నది. నువ్వు పుట్టకముందు, మేడారం జాతరకు స్పెషల్ బస్సులు నడుపుతున్నం. రెండు రోజులు సరిగ నిద్ర లేదు. పస్ర దాటినంక కన్ను మూతవడ్డది, బస్సు పోయి కల్వర్టు గోడకు కొట్టుకున్నది. ఒకాయనకు చెయ్యి విరిగింది. ఎంక్వైరీల నేను "బ్రేక్ పట్టలే" అని రాసిచ్చిన. ముందటి రాత్రి బండి చూసిన మెకానిక్‌కు ఇంక్రిమెంట్ ఆపిన్రు. ఆయన నన్ను ఒక్క మాట అనలే. నేను రిటైరైన నాడు శాలువ కప్పింది గూడ ఆయననే. అప్పుడన్న చెప్తనా అంటే, చెప్పలే.

రేపు నీతోటి రాపిచ్చుకుంటరు గద. వొత్తిన్నని రాయి. విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ దాక పోతది, లైసెన్స్ ఏమైతదో అని నీ రంధి. ఒక్కదానివే ఉన్నవ్, ఎవ్వలు చూడలే గని, ఆ పూట గాలెంతున్నదో టవరోల్ల కాడ లెక్క ఉంటది. అది లేకున్నా సరే, రాయి.

మానేసి ఇంటికొస్త అన్నవ్. వస్తే రా, బ్యాంకు అప్పు సంగతి నేను చూసుకుంట. లైసెన్స్‌కు నడపాల్సిన 200 గంటలల్ల 60 అయినయి, మిగిలినయి నువ్వే ఆలోచించుకో. ఒక్కటే, ఏడ్సుకుంట తీసుకోకు ఆ నిర్ణయం.

పొద్దున్నే మామునూరు దిక్కు పోయొచ్చిన. నిజాం కట్టిచ్చిన ఎయిర్‌పోర్ట్, 1981 నుంచి ప్యాసింజర్ విమానం దిగలే. చిన్నప్పుడు విమానం చూసేటందుకు సైకిల్ మీద పోయేటోల్లం. దాన్ని మళ్ల తెరిచేటందుకు 2025ల కేంద్రం ఒప్పుకున్నదని విన్నకాడి నుంచి అమ్మ ఆడకట్టంత చెప్పుకుంట తిరుగుతున్నది, మా బిడ్డ ఆడ దింపుతదని. నువ్వు దాని మాటలు పట్టిచ్చుకోకు.

కుట్లు విప్పేదాక తల తడుపకు. సకినాలు పార్సిల్ చేస్తున్నం. సగం నేను పక్కకు తీసిన, సాయంత్రం కాశిబుగ్గకు పట్టుకపోవాలె. ఆ మెకానిక్ ఇల్లు ఆడనే.

నీ బాపు