ఎర్ర సిరా పక్కన నీ పెన్సిల్

అమ్మలూ,

నిన్న నువ్వు పంపిన ఇంగ్లీషు గ్రామర్ టెస్ట్ పేపరు ఫొటోని రాత్రి పెద్దది చేసుకుని చదివాను. 25కి 14. నాన్న ఏమీ అనలేదు, టెన్షన్ పడకు. నాకు మార్కుల కన్నా ఇంకోటి మనసులో ఉండిపోయింది. సార్ ఎర్ర పెన్నుతో రాసినవి పక్కన పెన్సిల్‌తో దించేసి, "కరెక్షన్స్ అయిపోయాయమ్మా" అన్నావు చూడు, అది.

నేనూ అలాగే చేసేదాన్ని. తొమ్మిదో తరగతిలో 'ఫర్' ఉన్న వాక్యాన్ని ఇరవైసార్లు ఇంపోజిషన్ రాయించారు. రాశాను. అర్ధ సంవత్సర పరీక్షలో మళ్లీ 'సిన్స్' పెట్టి వచ్చాను. అది ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నీ నాలుగో జవాబు చూడు. 'వియ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అని రాశావు. తెలుగులో "ఐదేళ్ల నుంచి ఉంటున్నాం" అంటాం, "2019 నుంచి ఉంటున్నాం" అనీ అంటాం. మనకి రెంటికీ ఒకటే 'నుంచి'. ఇంగ్లీషులో అది రెండుగా విడిపోతుంది. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంత కాలమో చెబితే ఫర్. ఇక ఆ 'ఉంటున్నాం' అన్న మాట చూసి 'ఆర్ లివింగ్' అనేశావు. అప్పుడెప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్నదాన్ని వాళ్లు 'హ్యావ్ బీన్ లివింగ్' అంటారు. సార్ ఆ వాక్యంలో రెండు చోట్ల దిద్దారు. నువ్వు దించుకున్నది ఒక్కటే.

తొమ్మిదోది, 'డిడ్ యు వెంట్', నీకు తెలిసిందే. డిడ్‌లోనే జరిగిపోయిన కాలం వచ్చేసింది, ఆ పక్కన 'గో' చాలు. క్వశ్చన్ ట్యాగులు మాత్రం కాస్త కూర్చుని చూసుకోవాలి. "నువ్వొస్తావు కదా", "ఆవిడ పాడింది కదా" అని మనకి ఒక్క 'కదా' అన్నిటికీ సరిపోతుంది. అందుకే నువ్వు అన్నిటికీ 'ఇజింట్ ఇట్' తగిలించావు. 'షి శాంగ్ వెల్' అంటే 'డిడింట్ షి' రావాలి.

ఇప్పుడు పన్నెండోది. 'సమ్‌వన్ స్టోల్ మై పెన్' అన్నదాన్ని ప్యాసివ్‌లోకి మార్చమంటే 'మై పెన్ వాజ్ స్టోలెన్' అని రాశావు. 'బై సమ్‌వన్' లేదని కొట్టేశారు. అది తప్పు కాదు తల్లీ. ఎవరు తీశారో తెలియనప్పుడు ఆ ముక్క వదిలేయడమే ఇంగ్లీషులో మామూలు. కానీ నువ్వు నీ సరైన జవాబుని కూడా తప్పుల్లో కలిపేసి, పెన్సిల్‌తో దిద్దేసుకున్నావు. అక్కడే చాలాసేపు ఆగిపోయాను. రేపు స్టడీ అవర్‌లో సార్ దగ్గరికి వెళ్లి, "సార్, బై సమ్‌వన్ లేకుండా రాయకూడదా?" అని నెమ్మదిగా అడుగు. మార్కు కలపకపోయినా ఫర్వాలేదు, అడగడం మాత్రం మానకు.

దించుకున్నవన్నీ చెరిపేసి, ఒక్కో తప్పు పక్కన అదే మాట మనింట్లో ఎలా అంటామో తెలుగులో రాయి. దాని కింద ఇంగ్లీషు వాక్యం మళ్లీ నీ అంతట నువ్వే రాయి. రోజుకి మూడు చాలు.

ఆదివారం నాన్నా నేనూ వస్తున్నాం. సున్నుండలు చేశాను. ఆ పేపరు కూడా తీసుకురా, ఫొటోలో ఏడో ప్రశ్న మడత కింద పడి కనిపించలేదు.

ఇట్లు,
అమ్మ