నెలబిడ్డ జ్వరానికి చుక్కల మందు సరిపోదు

సంపాదకుల వారికి,

వానలు మొదలైతే హైదరాబాద్‌లో ఇంటింటా జ్వరాలే. అయితే రెండు నెలలైనా నిండని పసిబిడ్డకు వచ్చే జ్వరాన్ని కూడా ఇంట్లో పెద్దవాళ్ల జ్వరంలాగే చూస్తున్నారు. అదే నా బాధ. పిల్లల వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. చుట్టుపక్కల వాళ్లు ఒళ్లు కాలుతోందని బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వస్తుంటారు. చాలాసార్లు అప్పటికే మెడికల్ షాపులో జ్వరం చుక్కలు కొని పోసేసి ఉంటారు. చుక్కలతో ఒళ్లు చల్లబడుతుంది కానీ లోపలున్న ఇన్ఫెక్షన్ పోదు.

ఈమధ్య మా వీధిలో 18 రోజుల బాబుకు జ్వరం వచ్చింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలో వేయాలని చుట్టాలను కూడా పిలుచుకున్నారు. ఆసుపత్రికి వెళ్తే రక్తం, మూత్రం, వెన్ను నీరు (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు) పరీక్ష చేయాలి, అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి అన్నారు. నాయనమ్మ నాకు ఫోన్ చేసింది. "పిల్లగాడు పాలు మంచిగనే తాగుతుండు, వెన్నుల సూది ఎందుకమ్మా? కాళ్లు పడిపోతయంట గదా!" అని ఏడుపు. ఆ భయంతోనే 'మేమే తీసుకెళ్తున్నాం' అని సంతకం పెట్టి బిడ్డను ఇంటికి తెచ్చేసుకున్న వాళ్లను వార్డులో ఎంతోమందిని చూశాను.

ఆమెకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. ఈ వయసులో ఇన్ఫెక్షన్ రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు పొరల్లోకి త్వరగా పాకుతుంది. పెద్దవాళ్లలోలా మెడ బిగుసుకోవడం లాంటి గుర్తులు కనిపించకపోవచ్చు. ఒక్కోసారి జ్వరం తప్ప మరే సూచనా ఉండదు. అందుకే బిడ్డ హుషారుగా ఉన్నా, మొదటి మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టర్లు ఈ పరీక్షలన్నీ చేస్తారు. సూది గుచ్చేది నడుము కింది భాగంలో, వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన. తీసేది కొద్ది చుక్కలే, ఆ నీరు మళ్లీ ఊరుతుంది. మూత్రం కూడా సంచి కట్టి పట్టింది కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పనికిరాదు, చర్మం మీది క్రిములు కలుస్తాయి. అందుకే సన్న గొట్టంతో తీస్తారు. ఆ బాబుకు వెన్ను నీరు బాగానే ఉంది, మూత్రం కల్చర్‌లో ఇన్ఫెక్షన్ బయటపడింది. ఈ వయసు జ్వరాల్లో ఎక్కువగా దొరికేదీ అదే. ముందే ఎవరో యాంటీబయాటిక్ పోసి ఉంటే కల్చర్‌లో అదీ తేలేది కాదేమో.

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ ఉంచుకోండి. చంకలో 99.5 దాటితే ఆ రాత్రే వెళ్లండి, తెల్లారే దాకా ఆగొద్దు. ఆసుపత్రిలో మలద్వారం దగ్గర చూస్తే 100.4 నుంచి జ్వరమే. బిడ్డ ఒళ్లు చల్లబడి పాలు మానేసినా అంతే ప్రమాదం. ఆరో వారం టీకా తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. టీకా వేసిన నర్సు చెప్పిన మోతాదులో జ్వరం చుక్కలు వేయొచ్చు. అయినా పాలు తాగకపోతే, మగతగా ఉంటే టీకా వల్లేనని సరిపెట్టుకోవద్దు. డబ్బు గురించి వెనకాడే వాళ్లకు ఒక మాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదిలోపు పిల్లలకు జబ్బు చేస్తే వైద్యం, పరీక్షలు ఉచితం.

కాన్పు ఆసుపత్రులకు నా విన్నపం: డిశ్చార్జి కాగితం మీద ఈ జ్వరం సంగతి తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. ఇళ్లకు వచ్చే ఆశా చెల్లెళ్లు ఆ కాగితం నాయనమ్మకు, అమ్మమ్మకు కూడా చదివి వినిపించాలి. మెడికల్ షాపుల వాళ్లు బిడ్డకు ఎన్ని రోజులో అడగకుండా జ్వరం చుక్కలు అమ్మొద్దు. డాక్టర్లూ సంతకం అడిగే ముందు ఆ నాయనమ్మను కూర్చోబెట్టి, సూది ఎక్కడ గుచ్చుతారో బిడ్డ నడుము మీద వేలు పెట్టి చూపించండి.

— రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
వారాసిగూడ, హైదరాబాద్