కారులో పెట్రోలు వాసన వస్తుంటే వెనక సీటు ఎత్తి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, పాత కార్లలో పెట్రోలు వాసన మొదలవుతుంది. మాది 2004 మోడల్. ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు వెనక సీట్లో అమ్మ కూర్చుంటే తెనాలి నుంచి గుంటూరు చేరేలోపే తలనొప్పి, వాంతులు. ఒక మెకానిక్ పర్‌ఫ్యూమ్ పెట్టుకోమన్నాడు. ఇంకొకాయన ట్యాంకే మార్చాలి, పన్నెండు వేలవుతుందన్నాడు.

చివరికి మా వీధి చివర షెడ్డులో పెద్దాయన ఒక్క మాట అడిగాడు, ట్యాంకు సగానికి దిగాక కూడా వాసన వస్తోందా అని. రావడం లేదన్నాను. అయితే అడుగున చిల్లు లేదు, పైనే ఎక్కడో ఉంది అంటూ వెనక సీటు ఎత్తి, దాని కిందున్న చిన్న రేకు మూత విప్పాడు. ట్యాంకు మీద పెట్రోలు ఎంతుందో చూపించే ఫ్లోట్ బిగించిన చోట రబ్బరు గ్యాస్కెట్ ఎండిపోయి అప్పడంలా విరిగింది, చుట్టూ దుమ్ము తడిసి నల్లగా అట్ట కట్టింది. పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకుకు వెళ్లే లావు గొట్టం కూడా వంపు దగ్గర పగిలి ఉంది. గ్యాస్కెట్, లావు గొట్టం, పక్కన గాలి పోయే సన్న గొట్టం, క్లిప్పులు, మూతకి వాషరు, అన్నీ కూలితో కలిపి 1,900 అయింది. ఆ రోజుతో వాసన పోయింది.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే పోస్తున్నారు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. అందుకని గొట్టం కొనేటప్పుడు ఇథనాల్ పెట్రోలుకు తట్టుకునేదే అడిగి తీసుకోండి, నీళ్ల పైపు ముక్క పెడతానంటే ఒప్పుకోవద్దు. కారుతున్న చోట సబ్బు రాసి పంపేవాళ్లున్నారు, అది నాలుగు రోజులు కూడా ఆగదు. ఇక లోపలి పెట్రోలు ఆవిరిని పూర్తిగా తీసేయకుండా ట్యాంకుకు వెల్డింగ్ పెట్టడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే, ఖాళీ చేసిన ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది.

బంకు వాళ్లకూ ఒక మనవి. గన్ టక్కుమని ఆగాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకో యాభై రూపాయలది నొక్కి పోయకండి. పెట్రోలు మూతి దాకా నిండితే ఎండకు పొంగడానికి చోటుండదు, ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా ఉన్న కార్లలో అది తడిసి పాడవుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళితే సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తారు తప్ప ట్యాంకు వైపు ఎవరూ చూడరు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వచ్చినప్పుడైనా పెట్రోలు గొట్టాలు, ట్యాంకు పైభాగం తప్పకుండా చూడాలని రవాణా శాఖ అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తెనాలి