మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా రైలు బ్రిడ్జి ముచ్చటే

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గులు, కంటి శిబిరం, కాలవ పూడిక తీయించడం ఎప్పట్లాగే జరిగినాయి, ఫొటోలు గ్రూపులో ఉండాయి, లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. నేను బ్రిడ్జి సంగతి చెప్తా.

జనవరిలో పద్దెనిమిది మందిమి రాత్రి రైలెక్కి రాజమండ్రి పోయినాం, గోదావరి మీదుండే పాత రైలు బ్రిడ్జి, హేవలాక్ బ్రిడ్జి చూసేదానికి. 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపినారు, అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టినారు, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే స్పాన్లు 56, ఒక్కోటి 45.7 మీటర్లు, అంతా కలిపి రెండున్నర కిలోమీటర్ల పైనే. 1899లో బెజవాడ నించి మద్రాసుకి లైను కలిసింది, మరుసటేడు ఈ బ్రిడ్జి వచ్చాక గోదావరి కాడ రైలు దిగి పడవెక్కే పని తప్పింది, అంటే అప్పట్లో మన నెల్లూరోళ్ళు కలకత్తా పోవాలన్నా ఆ స్తంభాల మీదనే పోవాల్సొచ్చేది. 1997లో పక్కన ఆర్చి బ్రిడ్జి రాగానే దానికి సెలవిచ్చేసినారు. రైళ్ళు ఆగి ఇన్నేళ్ళయినా పుష్కర ఘాట్‌లో టీ కొట్టాయన్ని అడిగితే మా బ్రిడ్జి అని చెయ్యి చూపించి చెప్తాడు, ఆ "మా" అనే మాట నాకు మనసులో నాటుకుపోయింది. మన సభ్యురాలు ఒకామె పెళ్ళయి కొత్తలో ఆ బ్రిడ్జి మీద రైల్లోంచి పావలా ఏసి దణ్ణం పెట్టుకున్నానని అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకునింది.

తిరిగొచ్చేటప్పుడు పడుగుపాడు దాటి నెల్లూరు కాడ పెన్న రైలు బ్రిడ్జి మీదికి రాగానే అందరం కిటికీల కాడికి చేరినాం. రోజూ చూసేదే, కానీ దాని గురించి మనం ఒక్క కాగితమన్నా రాసిపెట్టుకోలేదు. 2021 నవంబర్ వరదల్లో పడుగుపాడు కాడ నీళ్ళు పట్టాల మీదికొచ్చి రైళ్ళు ఆగిపోతే గానీ ఈ దోవ విలువ మనకి తెలియలా.

అందుకే ఈ ఏడాది రంగనాయకులపేట పెద్దోళ్ళ ఇళ్ళకి పోయి పెన్న బ్రిడ్జి జ్ఞాపకాలు ఫోన్లో రికార్డు చేసినాం, పిల్లల చేత బొమ్మలు ఏయించినాం. స్తంభాల దగ్గర్లో ఇసుక తవ్వకాలు ఆపమని అర్జీ కూడా ఇచ్చినాం, నాలుగు నెలలైంది, జవాబు రాలేదు, మళ్ళీ పోతాం, ఈసారి ఎక్కువమంది రండి.

ఇంట్లో పెన్న బ్రిడ్జి పాత ఫొటోలుంటే వచ్చే ఆదివారం తెచ్చియ్యండి, కాపీ తీసుకుని వెంటనే తిరిగిచ్చేస్తాం.