మెక్లీన్ నోట్సుకు సాయం చేసినవారికి కృతజ్ఞతలు

షిప్పింగ్, క్లియరింగ్ ఆఫీసుల్లో కొత్తగా చేరే పిల్లల కోసం కంటైనర్ ఓడల రవాణాను నిలబెట్టిన అమెరికా వ్యాపారి మాల్కమ్ మెక్లీన్ వృత్తి జీవితం మీద తెలుగులో నోట్సు తయారైంది, దాంతోపాటు ఆయన ఓడలో పెట్టెలు దిగే గడికి ఒక చెక్క నమూనా కూడా. డబ్బు సాయం కన్నా లెక్కలు సరిచూసిన సాయమే ఎక్కువ అందింది. పేర్లు వేయొద్దని అందరూ అన్నారు గనుక, ఎవరివల్ల ఏది కుదిరిందో మాత్రం రాస్తున్నాం.

మొదటి నమస్కారం ఆడిటర్ గారికి. మెక్లీన్ అనగానే "కంటైనర్ కనిపెట్టినాయన" అనేస్తారు. సరుకు పెట్టెలు ఆయనకు ముందే రైళ్లలోనూ ఓడల్లోనూ ఉన్నాయి. నార్త్ కరోలినాలో 1934లో లారీ వ్యాపారం మొదలుపెట్టి, 1954 నాటికి 600 పైచిలుకు లారీలకు చేరిన మనిషి ఆయన. ప్రతి మైలుకూ ఎంత పడుతుందో చూసే అలవాటుతోనే రేవులోకి వచ్చాడు. 1937లో హోబోకెన్ రేవులో పత్తి బేళ్లు దింపుకోవడానికి కాచుకుని ఉండగా ఆలోచన తట్టిందనే కథ అందరూ చెబుతారు. అది ఆయన చాలా ఏళ్ల తర్వాత చెప్పిన మాట. 1950ల్లో అసలు కారణం తూర్పు తీరం రోడ్ల మీద పెరిగిన రద్దీ. అందుకే ఆ కథకు నోట్సులో ఒక్క వాక్యమే దక్కింది.

ఆడిటర్ గారు పట్టుబట్టి చేర్పించినది 1955 నాటి కాగితాల పని. లారీ కంపెనీని చేతిలో ఉంచుకుని ఓడల కంపెనీ కొనాలంటే అమెరికాలో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అనుమతి కావాలి. అందుకని మెక్లీన్ ఇండస్ట్రీస్ అని వేరే కంపెనీ పెట్టి, లారీ కంపెనీ పదవి వదిలి, వాటాలు ట్రస్టులో పెట్టి, పాన్ అట్లాంటిక్ స్టీమ్‌షిప్‌ను 70 లక్షల డాలర్లకు కొన్నాడు. ఆ వెంటనే దాని మాతృసంస్థ వాటర్‌మన్‌ను 4 కోట్ల 20 లక్షల డాలర్ల బ్యాంకు అప్పుతో కొని, అదే కంపెనీ డబ్బుతో ఆ అప్పులో పెద్ద భాగం తీర్చేశాడు. ధైర్యం అనాలో తెగింపు అనాలో చదివేవాళ్లే తేల్చుకోవాలి. 1986లో ఆయన కంపెనీ ఎందుకు దివాలా తీసిందో అర్థం కావాలంటే మాత్రం ఈ అప్పు అలవాటు తెలిసి ఉండాలి.

ఓడ భాగం సరిచేసింది విశాఖలో ఉంటున్న విశ్రాంత చీఫ్ ఇంజనీరు గారు. 1956 ఏప్రిల్ 26న నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరిన ఐడియల్ ఎక్స్ పాత టీ-2 రకం చమురు ట్యాంకర్. డెక్కు (ఓడ పైతలం) నిండా పైపులు, వాల్వులు ఉంటాయి కాబట్టి వాటిపైన ఇంకో చట్రపు డెక్కు కట్టి, దానిమీద 58 పెట్టెలు పెట్టారు. పెట్టె పొడవు 33 అడుగులు ఎందుకంటే, ఆ ట్యాంకర్ డెక్కు మీద ఉన్న చోటు 33తో సరిగ్గా భాగమవుతుంది. ఏడు నిమిషాలకో పెట్టె చొప్పున ఎనిమిది గంటల లోపే ఎక్కించారు. విడి సరుకు కళాసీల చేత ఎక్కిస్తే ఆనాడు టన్నుకు 5.83 డాలర్లు పడేది. ఈ ఓడకు 15.8 సెంట్లు పడిందని లెక్క తేల్చారు. పిల్లలు మిగతావి మరిచిపోయినా ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు.

ఇక నమూనా. గాజువాక వడ్రంగి మేస్త్రీ లేకపోతే అది కదిలేది కాదు. 1957 అక్టోబరులో నడిచిన గేట్‌వే సిటీ ఓడ హోల్డులో (డెక్కు కింది సరుకు గదిలో) పెట్టెలు దిగే ఒక్క గడిని 1:12 నిష్పత్తిలో చేశాం. అడుగు అంగుళమవుతుంది, లెక్క తేలిక. ఆ ఓడ పెట్టెలు 35 అడుగులవి, మొత్తం 226. హోల్డులో నిలువు ఇనుప మార్గాల మధ్య ఒకదానిమీద ఒకటి దిగుతాయి. గడి పెట్టెకన్నా పొడవులో ఒకటింపావు అంగుళం, వెడల్పులో ముప్పావు అంగుళం ఎక్కువ. అంతకన్నా బిగువైతే పెట్టె దిగదు, వదులైతే సముద్రంలో కొట్టుకుంటుంది. నమూనాలో ఈ ఖాళీలు 2.6, 1.6 మిల్లీమీటర్లు. మేస్త్రీ కొలత పరికరాలేవీ అడగలేదు: 12 గేజి రేకు ముక్క ఒకటి, 16 గేజిది ఒకటి తెప్పించుకున్నారు. పెట్టెను ఒక మూలకు నెట్టి, అవతలి వైపు రేకు దూర్చి, అల్యూమినియం యాంగిల్ బిగించారు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు ముందే సీలర్, రెండు పూతల రంగు వేసి పూర్తిగా ఆరనిచ్చాకే ఖాళీ కొలవాలన్నది ఆయన షరతు. విశాఖ గాలిలో ప్లైవుడ్ ఉబ్బుతుంది, రంగు మందం రెండు పక్కలా ఖాళీని తినేస్తుంది. యాంగిళ్ల తలలు బయటికి వంచడం మరవకూడదు. వంచకపోతే పెట్టె అంచుమీదే కూర్చుంటుంది.

ఈ నమూనాతో పిల్లలకు చూపించాల్సిన అసలు పరీక్ష మెక్లీన్ మనుషులు చేసిందే. పెట్టెలు ఊగి ఓడకు ప్రమాదం తెస్తాయేమోనన్న అనుమానం తీర్చాలి. మోడలింగ్ క్లే ముక్కలు కోసి, పెట్టె మూలలకూ ఇనుప చట్రానికీ మధ్య దూర్చి ఓడను పంపారు. తిరిగొచ్చాక ముద్ద ఎంత నొక్కుకుందో కొలిస్తే పెట్టెలు కదిలింది 5/16 అంగుళమే, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. ఇంత చవకగా తేల్చిన ప్రయోగం రవాణా రంగంలో అరుదు.

టెర్మినల్‌లో క్రేన్ నడిపిన పెద్దాయన ఆ గడిలోనే ఇంకో పాఠం చేర్చారు. పెట్టె లోపల ఒక కొసన రెండు కిలోల ఇనుము పెట్టి నాలుగు మూలలనుంచీ లేపితే, బరువున్న కొస వాలి మార్గంలో ఇరుక్కుంటుంది. స్టఫింగ్‌లో, అంటే పెట్టెలో సరుకు పేర్చేటప్పుడు, బరువంతా తలుపు వైపు పేరిస్తే రేవులో జరిగేదీ ఇదే. పెట్టె ఏ సగం పొడవులోనూ మొత్తం బరువులో 60 శాతం మించకుండా చూడాలన్న నియమం అప్పుడు నోటికి రానక్కర్లేదు, కళ్లకే కనిపిస్తుంది. పెట్టె మూలను పట్టి ఉంచే తాళం, ట్విస్ట్‌లాక్, గురించి కూడా ఆయన గట్టిగా చెప్పారు: తొంభై డిగ్రీలు తిరిగితే బిగుస్తుంది, మళ్లీ తిప్పితే వదులుతుంది. ట్రెయిలర్ మీద నాలుగింటిలో ఒక్కటి వదలకపోయినా క్రేన్ పెట్టెతోపాటు ట్రెయిలర్‌నూ లేపుతుంది. కాబట్టి నాలుగు మూలలూ చుట్టి చూడాలి, క్యాబిన్‌లోంచి చూస్తే కుదరదు.

ట్విస్ట్‌లాక్ వచ్చి పట్టే ఆ పెట్టె మూలల అమరిక రూపొందించిన ఇంజనీరు కీత్ టాంట్లింజర్. మెక్లీన్ కంపెనీకి 1960లో సీ-లాండ్ అని పేరొచ్చింది. 1963లో ఆ పేటెంటును అందరూ వాడుకోనిచ్చింది. ప్రపంచ ప్రమాణం 10, 20, 30, 40 అడుగులుగా స్థిరపడింది. సీ-లాండ్ సొంత 35 అడుగుల పెట్టెకు అందులో చోటు లేదు. అయినా పేటెంటు వదలడమే తెలివైన పని అనిపిస్తుంది. ఈరోజు విశాఖ నుంచి వెళ్లే రొయ్యల రీఫర్ (శీతల పెట్టె) ఏ దేశపు క్రేన్‌కైనా తగులుకునేది ఆ ఎనిమిది మూలల వల్లే.

1966లో రోటర్‌డామ్ సర్వీసు, 1967లో వియత్నాంకు అమెరికా సైనిక సరుకు. తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చే ఓడలను జపాన్‌కు మళ్లించి అక్కడి సరుకు ఎక్కించడం మెక్లీన్ లెక్కకు మంచి ఉదాహరణ. రానుపోను ఖర్చు సైన్యమే భరిస్తోంది గనుక ఆ కిరాయి దాదాపు అంతా లాభమే. 1969లో సీ-లాండ్ ఆర్.జె. రేనాల్డ్స్ చేతికి 53 కోట్ల డాలర్లకు వెళ్లింది.

చివరి భాగంలో చీఫ్ ఇంజనీరు గారి సాయం మళ్లీ అక్కరకొచ్చింది. ఓడ వేగం రెట్టింపైతే ఇంజను శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. దూరం సగం సమయంలో తరిగిపోతుంది కాబట్టి మైలుకు ఇంధనం నాలుగు రెట్లు. సీ-లాండ్ కట్టించిన ఎనిమిది ఎస్‌ఎల్-7 ఓడలు 33 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు) వేగంతో వెళ్లేవి, రోజుకు సుమారు 500 టన్నుల ఇంధనం తాగేవి. రంగంలోకి దిగీదిగకుండానే 1973 చమురు సంక్షోభం వచ్చిపడింది. ఆ దెబ్బకు విరుగుడుగా, 1978లో యునైటెడ్ స్టేట్స్ లైన్స్ కొన్నాక, మెక్లీన్ దక్షిణ కొరియా దేవూలో సుమారు 57 కోట్ల డాలర్లకు 12 భారీ ఓడలు కట్టించాడు. వేగం 18 నాట్లే. ఎప్పుడూ తూర్పుకే తిరుగుతూ భూగోళం చుట్టాలి. జపాన్ నుంచి అమెరికాకు బాగానే ఉంది, అమెరికా నుంచి జపాన్‌కు పంపాలంటే యూరప్ మీదుగా చుట్టు. పైగా ఓడలు చేతికొచ్చాక చమురు ధర పడిపోయింది, పొదుపు విలువ పోయింది, నెమ్మది మాత్రం మిగిలింది. 1986 నవంబరులో కంపెనీ దివాలా తీసింది. రెండుసార్లూ ఓడ కట్టే నాటి చమురు ధర ఇరవై ఏళ్లు ఉంటుందనుకోవడమే దెబ్బ కొట్టింది. 1991లో ఆయన ట్రెయిలర్ బ్రిడ్జ్ అని ఇంకో కంపెనీ పెట్టాడు. 2001 మే 25న కన్నుమూశాడు.

అడుగులు, అంగుళాలన్నీ మీటర్లలోకి మార్చి పట్టిక కట్టిన ఇద్దరు విద్యార్థులకూ, ప్రూఫులు దిద్దిన తెలుగు మాస్టారికీ ధన్యవాదాలు. నమూనా ఏ శిక్షణ కేంద్రం అడిగినా పంపుతాం. క్లే ముద్దలు ప్రతి బ్యాచికీ కొత్తవి పెట్టండి, ఎండితే నొక్కుకోక కొలత తప్పు చూపిస్తుంది. రెండు రేకు ముక్కలు పెట్టె లోపలే అతికించి ఉన్నాయి, వానాకాలం వెళ్లాక వాటితో ఖాళీలు ఒకసారి సరిచూసుకోండి.